ఉసిరి, నేరేడు, వాక్కాయ రసాలు: రక్తనాళాల కోసం ఇంట్లో ఎలా తీసుకోవాలి, ఎంత తాగాలి

గుంటూరులో ఇప్పుడు ఏ మెడికల్ షాపుకెళ్ళినా కౌంటర్ మీద ఉసిరి జ్యూస్, నేరేడు జ్యూస్ బాటిళ్ళు వరసగా కనబడుతున్నాయి, మీద గుండె బొమ్మ ఒకటి, కిందేమో రక్తనాళాలు శుభ్రం అవుతాయని రాసుంటుంది. అవే పండ్లు నాలుగడుగులు వేస్తే బండి మీద గంపల్లో దొరుకుతాయి. మా ఇంట్లోనూ చుట్టాల్లోనూ బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు బాగానే ఉన్నారు, అందరూ అడిగేది ఒకటే, ఇవి తాగితే నిజంగా ఏమన్నా ఉపయోగం ఉందా, ఉంటే ఎట్టా చేసుకోవాలి అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే బదులు అంతా ఒక చోట రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట చెప్పేస్తా, ఇవి ఆహారం, మందు కాదు. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నవాళ్ళు వాటిని ఆపేసి రసం తాగడం అనే ఆలోచనే పెట్టుకోవద్దు. మాత్ర ఆపితే బీపీ మళ్ళీ పెరుగుతుంది, పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, తలనొప్పి కూడా రాదు, అదే దాంతో అసలు ప్రమాదం. రసం అన్నం పక్కన కూర లాగా రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసుకునేది, అంతే.

రక్తనాళం లోపల ఏం జరుగుతుందంటే

రక్తనాళం అంటే ప్లాస్టిక్ పైపు లాంటిదని, లోపల కొవ్వు పేరుకుంటే ఏదో రసం పోసి కడిగేయొచ్చని చాలామంది అనుకుంటున్నారు. అది పూర్తిగా తప్పు, గోడలో పేరుకున్న కొవ్వుని కడిగే రసం ఏదీ లేదు. రక్తనాళానికి లోపలి వైపున ఎండోథీలియం అని ఒక పొర ఉంటుంది, ఒకే ఒక్క కణం మందం, కానీ పనిమాత్రం చాలా పెద్దది. ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని తయారుచేస్తాయి, అది పక్కనున్న కండరానికి చేరితే కండరం సడలుతుంది, రక్తనాళం వెడల్పవుతుంది, రక్తం తేలిగ్గా పారుతుంది. ఈ పొర వల్లే నాళం సడలుతుందని అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో చూపించాడు, అదేంటో తేల్చినందుకు ఆయనకి, లూయీ ఇగ్నారోకి, ఫెరిడ్ మురాద్‌కి కలిపి 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

షుగర్ ఎక్కువున్నా, సిగరెట్ తాగినా, బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువున్నా ఒంట్లో ఒక రకం ఆక్సిజన్ అణువులు ఎక్కువవుతాయి, అవి ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ని పుట్టీ పుట్టకముందే పాడు చేస్తాయి, దాంతో నాళం సడలడం తగ్గిపోతుంది, గట్టిపడుతుంది. నేరేడు తొక్కలో ఆ ఊదా రంగు ఉంది చూశారా, దాన్ని ఆంథోసయనిన్లు అంటారు, ఉసిరిలో వగరుకి కారణం టానిన్లు, ఇవన్నీ పాలీఫినాల్స్ అనే కుటుంబం. ఇవి ఆ నైట్రిక్ ఆక్సైడ్ పాడవకుండా కాస్త కాపాడతాయి, దాన్ని తయారుచేసే ఎంజైమ్‌కి కూడా ఊతం ఇస్తాయి. మనం తిన్న పాలీఫినాల్స్‌లో రక్తంలోకి నేరుగా వెళ్ళేది తక్కువే, మిగతాది పేగులోని బ్యాక్టీరియా విరగ్గొట్టి చిన్న చిన్న పదార్థాలుగా మార్చి లోపలికి పంపిస్తుంది. అందుకే ఒక్కరోజు లీటరు తాగేసి వారం ఊరుకుంటే లాభం లేదు, కొంచెమైనా రోజూ పడాలి.

మరి మనుషుల మీద పరీక్షించారా అంటే, పరీక్షించారు. మన హైదరాబాద్ నిమ్స్‌లోనే చేశారు, 2013లో అచ్చయింది, షుగర్ ఉన్న 80 మందిని నాలుగు గుంపులు చేసి ఒక గుంపుకి ఉసిరి సారం 250 మిల్లీగ్రాములు, ఇంకో గుంపుకి 500 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఒక గుంపుకి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర, మిగిలిన గుంపుకి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి 12 వారాలు చూశారు. ఉసిరి తీసుకున్నవాళ్ళలో ఎండోథీలియం పనితీరు మెరుగైంది. ఇంగ్లండ్‌లో, నేరేడులో ఉన్న ఆ ఆంథోసయనిన్లే ఉండే బ్లూబెర్రీ అనే పండుతో 115 మంది మీద ఆరు నెలలు చేశారు, అది 2019లో వచ్చింది, రోజుకి సుమారు 150 గ్రాముల పండుకి సమానమైన పొడి తిన్నవాళ్ళలో నాళాల సడలింపు పెరిగింది కానీ బీపీ అంకె మాత్రం మారలేదు. ఈ రెండో ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, నాళం సడలింపు వేరు, మిషన్ మీద కనబడే అంకె వేరు, మొదటిది బాగుపడినా రెండోది కదలకపోవచ్చు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజమే చెప్పినట్టవుతుంది. యూరప్‌లో హాథార్న్ అని ఒక ముళ్ళ చెట్టు ఉంటుంది, ఎర్రటి చిన్న పండ్లు కాస్తుంది, గుండెకి మంచిదని వాళ్ళు తరతరాలుగా వాడతారు. దాని ఆకులు, పూల సారం గుండె బలహీనపడిన 2,681 మందికి రోజుకి 900 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్ళు ఇచ్చి చూస్తే, 2008లో వచ్చిన ఫలితంలో వాళ్ళు ప్రధానంగా కొలవాలనుకున్న విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే చిన్న పరీక్షలో నాళం బాగుపడినట్టు కనబడటం, పెద్ద పరీక్షలో మనిషికి మేలు జరగడం, ఈ రెండూ ఒకటి కావు. 80 మందిని 12 వారాలు చూస్తే గుండెపోట్లు తగ్గాయో లేదో తేలదు. నా నమ్మకం ఏంటంటే, ఈ పండ్లు మన నేల మీద పండేవి, చవక, మితంగా తింటే చాలామందికి నష్టం లేదు, కొంత మేలుకి ఆధారం కూడా ఉంది, కాబట్టి తినడం మంచిదే, కానీ బాటిల్ మీద రాసినంత ఆశ పెట్టుకోవద్దు.

పండ్లు ఎట్టా ఏరుకోవాలి

నేరేడు మే చివర్లో మొదలై జులై దాకా ఉంటుంది. వాక్కాయ వానలు పడ్డాక. ఉసిరి కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా బాగా వస్తుంది, వనభోజనాల టైమ్‌కి కాయ ముదిరి ఉంటుంది. విజయవాడలో అయితే పటమట రైతు బజార్, వన్ టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ చూడండి, గుంటూరులో రైతు బజార్ల బయట పొద్దున్నే గంపలు పెట్టుకుని కూర్చునే వాళ్ళ దగ్గర మంచి సరుకు ఉంటుంది.

నేరేడులో రెండు రకాలు కనబడతాయి, బొటనవేలంత పెద్దవి, గోలీకాయంత చిన్నవి. మన పనికి చిన్నవే మేలు. గింజ పెద్దది, గుజ్జు తక్కువ అని జనం వదిలేస్తారు గానీ, రంగు ఎక్కువుండేది తొక్కలో కదా, చిన్న పండులో గుజ్జుకి తొక్క పాళ్ళు ఎక్కువ. "ఏంటమ్మా, పెద్దవి వదిలేసి పిందెలు ఏరుకుంటున్నావ్" అంది మొన్న గంప దగ్గర మామ్మ. "రసం తీయడానికి మామ్మా, మా మేనత్తకి" అంటే, "ఇదిగో అయితే అడుగునున్నవి తీసుకో, ఇవి కొండ పండ్లు, వగరు చూడు" అని దోసిలితో అడుగు నుంచి తీసి కవర్లో పోసింది, రేటు కూడా తగ్గించింది. బాగా నల్లగా ఉండి, నొక్కితే మెత్తగా ఉండి, తొడిమ దగ్గర చితకనివి తీసుకోండి. ఎర్ర రంగు ఇంకా మిగిలిన కాయల్లో ఆంథోసయనిన్లు తక్కువ.

ఉసిరిలో కూడా అంతే, నిమ్మకాయంత సైజులో నున్నగా మెరిసేవి అంటు తోటల కాయలు, ఎన్ఏ-7 లాంటి రకాలు, పచ్చడికీ మురబ్బాకీ అవి బాగుంటాయి. అడవి ఉసిరి చిన్నది, పీచు ఎక్కువ, కొరికితే నోరు పట్టేస్తుంది. నల్లమలలో చెంచులు ఏరుకొచ్చేది ఈ రకమే. దొరికితే అదే తీసుకోండి, దొరక్కపోతే తోట కాయ కూడా బానే ఉంటుంది, దాని కోసం ఊరంతా తిరగక్కర్లేదు. ఉసిరిలో విటమిన్ సి గురించి ఎప్పుడూ చెప్తుంటారు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) పాత పట్టికలో 100 గ్రాములకి 600 మిల్లీగ్రాములని ఉంది, 2017లో కొత్తగా కొలిచి వేసిన పట్టికలో 250 దరిదాపుల్లోనే ఉంది, అయినా అది చాలా ఎక్కువే.

హైవే పక్కన చెట్లవి, మిర్చి పత్తి చేల గట్ల మీద చెట్లవి కోయొద్దు. మన జిల్లాలో మిర్చికి ఎన్ని స్ప్రేలు పడతాయో అందరికీ తెలుసు. కొండపల్లి, కొండవీడు వైపు వెళ్ళినప్పుడు రాలిన పండ్లు నాలుగు ఏరుకుని తినడం వేరు, సంచులతో కొమ్మలు విరిచి తేవడం వేరు, అది రిజర్వ్ ఫారెస్ట్, అక్కడ పక్షులకీ కోతులకీ అదే తిండి.

నేరేడు రసం

అర కిలో పండ్లు ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, రెండు మూడుసార్లు మామూలు నీళ్ళతో కడగండి. స్టీల్ గిన్నె, స్టీల్ జల్లెడ, గాజు సీసా, ఇవి చాలు. ఇనుము, అల్యూమినియం, ఇత్తడి వాడొద్దు, వగరు వాటిని తినేస్తుంది, రంగు మారిపోతుంది. పొయ్యి అసలు వెలిగించొద్దు. ఇదే చాలామంది చేసే పొరపాటు, పండ్లు ఉడకబెట్టి, పంచదార పోసి షర్బత్ చేస్తారు, వేడికి ఆంథోసయనిన్లు విరిగిపోతాయి, మిగిలేది రంగు తగ్గిన పంచదార పాకం.

పండ్లని గిన్నెలో వేసి చేత్తోనే పిసకండి, మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదు దిగుతుంది. గింజ నుంచి గుజ్జు ఊడిపోయేదాకా పిసికాక జల్లెడలో వేసి, గరిటె వెనకవైపుతో రుద్దండి, గింజలు పైన మిగులుతాయి, తొక్క మాత్రం వదలొద్దు. గింజలు తీసేసి తొక్కల్ని మాత్రం పావు గ్లాసు చల్లటి నీళ్ళతో మిక్సీలో రెండు తిప్పులు తిప్పి మళ్ళీ రుద్దండి, అప్పుడు దిగుతుంది చూడండి అసలు రంగు. ఇప్పుడు అర చెక్క నిమ్మకాయ పిండండి. నిమ్మరసం పడ్డ చోట ఊదా రంగు ఒక్కసారిగా ఎర్రగా మారుతుంది, గరిటెతో కలుపుతుంటే ఆ ఎరుపు చారలు చారలుగా గిన్నె అంతా పాకుతుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుంటే ఆ మరకే నీలంగా తిరుగుతుంది. పులుపు ఉంటే ఈ రంగు నిలబడుతుంది, పులుపు పోతే పాడవుతుంది, అందుకే నిమ్మకాయ, రుచి కోసం కాదు. వంటసోడా తగలనివ్వకండి.

ఐస్ ట్రేలో పోసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టాక ముక్కలు తీసి మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసుకుంటే మూడు నెలల దాకా వాడుకోవచ్చు. మామూలు ట్రేలో ఒక ముక్క సుమారు 15 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకి మూడు ముక్కలు, గ్లాసు నీళ్ళలో వేసుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక. గాజు సీసాలో ఫ్రిజ్ కింది అరలో పెడితే మూడు రోజులకి మించి ఉంచొద్దు, పులిసిపోతుంది.

పంచదార వేయొద్దు, బెల్లమూ తేనే కూడా వద్దు. షుగర్ పెరిగితే ఎండోథీలియం దెబ్బతింటుంది అని పైన చెప్పుకున్నాం కదా, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం ఎందుకు. మొదట్లో వగరు ఇబ్బందిగా ఉంటే చిటికెడు వేయించిన జీలకర్ర పొడి వేసుకోండి, వారం పోతే నాలిక అలవాటు పడుతుంది.

ఉసిరి

ఉసిరికి రెండు పద్ధతులు, రసం, పొడి.

రసానికి, స్టీల్ తురుముపీట మీద కాయని గింజ దాకా తురిమి, పలచటి తెల్లగుడ్డలో వేసి పిండండి. ఇనప కత్తిపీట మీద కోస్తే కాయ నల్లబడటం అందరూ చూసే ఉంటారు, టానిన్లు ఇనుముని పట్టేసుకోవడమే అది, పట్టుకున్నాక ఒంట్లో మన పనికి రావు. రెండు చిన్న కాయల రసం ఒక మనిషికి రోజుకి చాలు, గ్లాసు నీళ్ళలో కలుపుకుని టిఫిన్ తర్వాత తాగండి. పరగడుపున తాగమని చాలామంది చెప్తారు గానీ మన వైపు కారం తిండికి సగం మందికి గ్యాస్, మంట ఉన్నాయి, పరగడుపున పులుపు పడితే ఇంకా మండుతుంది. ఏ పూట రసం ఆ పూట తీసుకుంటే మంచిది, వీలుకాకపోతే నేరేడు లాగే గడ్డకట్టించుకోండి. పిండగా మిగిలిన పిప్పి పారేయకుండా పెరుగు పచ్చడిలో కలిపేయండి.

పొడికి, కాయల్ని పలచగా చెక్కులు కోసి, నీడలో ఫ్యాన్ కింద, పైన గుడ్డ కప్పి ఆరబెట్టండి, విరిస్తే టక్‌మని విరగాలి. ఎండలో పెడితే త్వరగా ఎండుతుంది గానీ విటమిన్ సి చాలా పోతుంది. కార్తీకంలో వానలొస్తే ఆరబెట్టడం మానేయండి, తేమకి బూజు పడుతుంది, బూజు పట్టింది గీకేసి వాడుకోవడం కుదరదు, మొత్తం పారేయాల్సిందే. పొడి అర చెంచా, రోజుకి ఒకసారి నీళ్ళలో వేసుకోవచ్చు. ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి, నిమ్స్‌లో ఇచ్చిన 500 మిల్లీగ్రాములు మన ఇంటి పొడి కాదు, అది కాయ నుంచి నీళ్ళతో సారం తీసి, అందులో ఏది ఎంత ఉందో కొలిచి చేసిన క్యాప్సూల్. ఇంటి పొడి అర చెంచా, ఆ క్యాప్సూల్ సమానం అని లెక్కలు వేసుకుని డోసు పెంచుకుంటూ పోవద్దు.

ఇక ఉసిరికాయ పచ్చడి. మన గుంటూరోళ్ళకి ఉసిరి అంటే జాడీలో పచ్చడే, నాకూ ప్రాణమే, వేడన్నంలో నెయ్యేసుకుని తింటే దాని ముందు ఏదీ నిలబడదు. కానీ రక్తనాళాల కోసం అని పచ్చడి తినడం మాత్రం కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తం రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది, అంటే ఒక చిన్న చెంచా, కూర చారు పెరుగన్నం అన్నీ కలిపి. నిల్వ పచ్చడి రెండుపూటలా వేసుకుంటే ఆ లెక్కలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. తేనె ఉసిరి, మురబ్బా అయితే పంచదారలో ముంచినవి, షుగర్ వాళ్ళు వాటి జోలికి పోవద్దు.

వాక్కాయ, ఇంకా కొన్ని

వాక్కాయని రసం తీయడం కంటే పప్పులో వేసుకోవడమే తెలివైన పని, పుల్లగా ఉంటుంది కాబట్టి చింతపండు అక్కర్లేదు, ఉప్పు కూడా తక్కువ పడుతుంది. కాయ కోస్తే తెల్లటి జిగురు పాలు కారతాయి, రెండు చెక్కలు చేసి నీళ్ళలో వేసి కాసేపుంచి గింజలు తీసి, పప్పు ఉడికాక చివర్లో వేసి రెండు పొంగులు రానిస్తే చాలు. నల్లగా పండిన వాక్కాయలు దొరికితే మాత్రం నేరేడు పద్ధతిలోనే రసం తీయండి, అందులోనూ అదే రంగు కుటుంబం ఉంది.

రేగుపండ్లు సంక్రాంతికి పచ్చివే తినేయండి, రేగి వడియాల్లో ఉప్పూ బెల్లం ఎక్కువ. వినాయక చవితికి తెచ్చే వెలగపండు గుజ్జు, ఎండాకాలం ఈతపండ్లు, తునికి పండ్లు, సీమచింత, ఇవన్నీ పండుగా తినడానికే, సారం తీసే శ్రమ అవసరం లేదు.

ఇంట్లో స్పిరిట్ పోసి సారం తీయడం ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి కొందరు మొదలుపెడుతున్నారు, దయచేసి వద్దు. బయట దొరికే స్పిరిట్‌లో మిథనాల్ కలిసి ఉండొచ్చు, అది కళ్ళు పోగొడుతుంది, ప్రాణమే తీస్తుంది. నీళ్ళు, నిమ్మరసం చాలు మనకి.

దేంతో కలపొద్దు

అరటిపండుతో కలిపి స్మూతీ చేయొద్దు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు 2023లో చూపించారు, అరటిపండు కలిపిన స్మూతీ తాగినప్పుడు రక్తంలోకి చేరిన ఫ్లావనాల్స్, ఇవీ పాలీఫినాల్స్‌లో ఒక రకమే, 84 శాతం తగ్గిపోయాయి, అరటిపండు కోస్తే నల్లబడటానికి కారణమైన ఎంజైమ్ వాటిని విరగ్గొట్టేస్తుంది. పాలల్లో కలిపి నేరేడు మిల్క్‌షేక్ కూడా వద్దు, పాలలో ప్రొటీన్ వీటిని పట్టుకుంటుంది. రక్తం తక్కువై ఐరన్ మాత్రలు వేసుకునే ఆడవాళ్ళు నేరేడుకీ మాత్రకీ మధ్య రెండు గంటలు ఎడం పెట్టండి, వగరు ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనివ్వదు.

ఎవరు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు

ఈ భాగం మీకు సంబంధం లేదనుకున్నా ఇంట్లో పెద్దవాళ్ళ కోసం చదవండి. స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు, వాల్వ్ ఆపరేషన్ అయి వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవాళ్ళు ఉసిరి సారం, పొడి, రోజువారీ రసం అడగకుండా మొదలుపెట్టొద్దు, ఉసిరికి రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గించే గుణం ఉంది, మాత్రతో కలిస్తే రక్తస్రావం భయం. పప్పులో ఒక కాయ పడితే ఏం కాదు, రోజూ డోసులాగా తాగడం గురించి చెప్తున్నా. ఆపరేషన్ పెట్టుకున్నవాళ్ళు కనీసం రెండు వారాల ముందు ఆపేసి, ఏం తాగేవాళ్ళో మత్తు డాక్టర్‌కి చెప్పండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు నేరేడు గింజల పొడి తీసుకుంటే షుగర్ బాగా పడిపోయే అవకాశం ఉంది, చెమటలు పట్టి కళ్ళు తిరిగితే అదే అనుకోండి. కిడ్నీ రాళ్ళున్నవాళ్ళకి విటమిన్ సి ఎక్కువైతే రాళ్ళు కట్టే ఆక్సలేట్ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్‌లో ఉన్నవాళ్ళయితే ఏ పండు రసమైనా కిడ్నీ డాక్టర్ (నెఫ్రాలజిస్ట్) చెప్పాకే, స్టార్ ఫ్రూట్ అయితే వాళ్ళకి అచ్చంగా విషమే. కడుపుతో ఉన్నవాళ్ళు పండుగా తినండి, సారాలు, పొడులు వద్దు.

అడవి పండ్ల మీద ఇష్టం పెరిగాక పిల్లల్ని తీసుకుని కొండలెక్కుతారు కదా, కోటప్పకొండ వైపో ఇంకెక్కడికో, అప్పుడు గుర్తుపట్టని పండు ఏదీ నోట్లో పెట్టనివ్వకండి. పచ్చగన్నేరు కాయ చూడటానికి పచ్చగా ముద్దుగా ఉంటుంది, రోడ్ల పక్కన కూడా ఉంటుంది, అందులో విషం నేరుగా గుండె లయనే దెబ్బతీస్తుంది. ముష్టి పండు నారింజ రంగులో గుండ్రంగా ఆశపెడుతుంది, గింజలో స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. అడవి ఆముదం గింజలు తిని పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలవడం వింటూనే ఉంటాం. తిన్నారని అనుమానం వస్తే ఇంటి వైద్యం, వాంతి చేయించడం, ఏమీ వద్దు, ఆ కాయ ఒకటి చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి లేదా 108కి ఫోన్ చేయండి.

బాటిల్ కొనాల్సి వస్తే

ఇంట్లో చేసుకునే తీరిక లేనివాళ్ళు కొనుక్కోండి, తప్పులేదు, కానీ ముందువైపు బొమ్మ చూడకుండా వెనకవైపు చదవండి. పదార్థాలు ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర వచ్చేలా రాయాలి, కాబట్టి మొదట్లోనే నీళ్ళు, పంచదార ఉంటే మీరు కొనేది పండు కాదు. ఆహారంగా అమ్మేదైతే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్ ఉండాలి, ఆయుర్వేద మందుగా అమ్మేదైతే తయారీ లైసెన్స్ నంబర్ ఉండాలి, రెండూ లేనిది ఎవరు ఎంత చెప్పినా వద్దు. నీళ్ళు తీసేసి చిక్కబరిచిన రసంలో (కాన్సెంట్రేట్) మళ్ళీ నీళ్ళు కలిపి చేసిన జ్యూస్‌ల మీద 100 శాతం పండ్ల రసం అని వేయడం తీసేయమని 2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం కూడా ఇచ్చింది. పేరు లేని పొట్లాల్లో గుండె పొడి అని అమ్మేవి, అందులో భస్మం ఉందని గొప్పగా చెప్పేవి అసలు తీసుకోవద్దు, అలాంటి వాటిలో సీసం, పాదరసం బయటపడ్డ సందర్భాలు ఉన్నాయి. రక్తనాళాల్లో బ్లాకులు కరిగిస్తాం అని రాసున్న బాటిల్ అయితే ఆ ఒక్క మాటకే పక్కన పెట్టేయండి.

పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి

నాళాల సడలింపు కొలిచే పరీక్ష ఉంది, చేతికి కఫ్ కట్టి ఐదు నిమిషాలు రక్తం ఆపి, వదిలాక రక్తనాళం ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌లో చూస్తారు, అది ఎక్కువగా పరిశోధనల్లోనే వాడతారు, మన కోసం చేయించుకునేది కాదు. మనకి అందేది బీపీ మిషన్. మణికట్టుకి కట్టేది కాకుండా జబ్బకి కట్టేది కొనండి, కఫ్ సైజు మీ జబ్బకి సరిపోవాలి, బిగుతైతే అంకె ఎక్కువ చూపిస్తుంది.

రసం మొదలుపెట్టక ముందే ఒక వారం కొలవండి, లేకపోతే తేడా ఎక్కడ తెలుస్తుంది. కాఫీ, టీ, సిగరెట్ అయ్యి అరగంట గడవాలి, మూత్రానికి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. పొద్దున మాత్ర వేసుకోక ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మా మేనత్త టీవీ సీరియల్ చూస్తూ, మధ్యలో కోడలితో మాట్లాడుతూ కొలుచుకునేది, ఊరికే కూర్చుని కొలిస్తే అంకె చాలా తగ్గి కనబడింది, రసం ఇంకా మొదలే పెట్టలేదు అప్పటికి. ఇంట్లో కొలిచినప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. 180/120 దాటి, ఛాతీ నొప్పో, మాట తడబడటమో, ఒక పక్క బలహీనతో ఉంటే నోట్‌బుక్ పక్కన పడేసి ఆసుపత్రికి పరిగెత్తండి.

తర్వాత 12 వారాలు రసం తాగండి, ఆఖరి వారం మళ్ళీ అదే పద్ధతిలో కొలవండి. మధ్యలో ఉప్పు తగ్గించడం, నడక మొదలుపెట్టడం చేస్తే అవి కూడా రాసిపెట్టండి, ఎందుకంటే అంకె తగ్గితే దేని వల్ల తగ్గిందో తెలియాలి, నిజం చెప్పాలంటే ఉప్పు, నడక, సిగరెట్ మానడం వీటి ప్రభావం ఏ రసం కంటే ఎక్కువ. అంకె ఏమీ మారకపోతే డోసు రెట్టింపు చేయొద్దు, బ్లూబెర్రీ పరీక్షలో కూడా మారలేదు కదా, సీజన్‌లో పండుగా తింటూ ఉండండి. బాగా తగ్గితే కూడా మాత్ర మీ అంతట మీరు తగ్గించుకోవద్దు, ఆ నోట్‌బుక్, మీరు వాడే పొడి డబ్బానో బాటిలో, రోజుకి ఎన్ని ముక్కలు తాగుతున్నారో రాసిన కాగితం, మూడూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మాత్ర తగ్గించాలా అలాగే ఉంచాలా అనేది ఆయన చూసి చెప్తారు.